అమ్మకు రోజూ 14 రకాల మాత్రలు: డిమెన్షియాలో ఏవి ఆపొచ్చు, ఎలా ఆపాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. అమ్మగారికి 78 ఏళ్లు. అల్జీమర్స్ అని తేలి మూడేళ్లయింది. బీపీ, షుగర్ పాతవే. గుండెపోటు గానీ పక్షవాతం గానీ ఎప్పుడూ రాలేదు, స్టెంట్ లేదు. నలుగురు డాక్టర్లు వేర్వేరు సమయాల్లో రాసినవన్నీ కలిసి 14 రకాలయ్యాయి. ఈమధ్య మింగనని మొరాయిస్తున్నారు, పగలంతా మగతగా ఉంటున్నారు, రెండు నెలల్లో రెండుసార్లు పడ్డారు. హెచ్‌బీఏ1సీ (గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 6.1 వచ్చింది. ఏవి ఆపొచ్చు, ఆపితే ఏమైనా అవుతుందా, మింగనప్పుడు దంచి పొడి చేసి ఇవ్వొచ్చా అని అడిగారు.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. చాలాకాలంగా నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లు, వాళ్లలో డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు, ఉన్నవాళ్లు చాలామంది. అమ్మగారిని నేను చూడలేదు కాబట్టి ఇది మందుల చీటీ అనుకోకండి. మీ డాక్టరుతో ఏం మాట్లాడాలో తెలియడానికి రాస్తున్నాను.

సూటిగా చెప్తాను. తగ్గించొచ్చు. ఈ జాబితా చూశాక తగ్గించి తీరాలనే అంటాను. ఇందులో సగం దాకా మెల్లగా తీసేయదగ్గవే కనిపిస్తున్నాయి. అయితే మీ అంతట మీరు, అన్నీ ఒకేరోజు ఆపేయకండి. ఒక డాక్టరు బాధ్యత తీసుకోవాలి. ఒకసారికి ఒక్క మందే తగ్గించాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య రెండు నుంచి నాలుగు వారాలు చూడాలి. ఈ వరసలో మొట్టమొదటిది షుగర్ మందు గ్లిమెపిరైడ్. ఎందుకో కింద చెప్తాను.

మీరు పెట్టిన జాబితాను మళ్లీ రాస్తున్నాను, చదివేవాళ్లకు తెలియాలి కదా. మతిమరుపుకు డోనెపెజిల్ 10, మెమాంటిన్, బీపీకి టెల్మిసార్టాన్-అమ్లోడిపిన్, షుగర్‌కు గ్లిమెపిరైడ్-మెట్‌ఫార్మిన్, కొలెస్ట్రాల్‌కు, గుండెకు అటోర్వాస్టాటిన్-ఆస్పిరిన్, గ్యాస్‌కు రాబెప్రజోల్-లెవోసల్పిరైడ్, తల తిరుగుడుకు సిన్నరిజిన్, చేతి వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్, తిమ్మిర్లకు ప్రెగాబాలిన్-నార్‌ట్రిప్టిలిన్, మూత్రం ఆగకపోవడానికి సోలిఫెనాసిన్, నిద్రకు క్లోనజెపామ్, రాత్రి గొడవకు క్వెటియాపిన్, క్యాల్షియం, ‘మెదడు బలానికి’ సిటికోలిన్-పైరాసెటమ్.

మాత్రలు 14 రకాలే. కానీ లోపలున్న మందులు లెక్కపెట్టండి, 20 తేలతాయి. మన దగ్గర రెండు మూడు మందులు కలిపిన మాత్రలు ఎక్కువ. డాక్టరు "గ్యాస్ బిళ్ల" అంటారు, మీరూ గ్యాస్ బిళ్లే అనుకుంటారు. దానిలో ఇంకోటి కూర్చుని ఉంటుంది. అందుకే ఒక పని చేయండి. స్ట్రిప్ తిప్పి, బ్రాండ్ పేరు వదిలేసి, కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేర్లు చదవండి. బ్రాండ్ పేరు చివర తోకలా వచ్చే అక్షరాలు కూడా చూడండి. గ్యాస్ బిళ్లల మీద డీ లేదా డీఎస్‌ఆర్ అని ఉంటే చాలావరకు డోంపెరిడోన్ అనే వాంతుల మందు కలిసినట్టు. ఎల్ లేదా ఎల్‌ఎస్‌ఆర్ అని ఉంటే లెవోసల్పిరైడ్. నరాల మాత్రల మీద ఎన్‌టీ అంటే నార్‌ట్రిప్టిలిన్. కన్ను ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదవండి.

ఒక మాత్ర ఇంకో మాత్రను పిలుస్తుంది

మీ అమ్మగారి జాబితాలో నాకు అన్నిటికంటే ముందు కనిపించింది ఇదే. ఒక మందు తెచ్చిన ఇబ్బందిని కొత్త జబ్బనుకుని దానికి ఇంకో మందు రాస్తారు. ఆ రెండోది తెచ్చిన ఇబ్బందికి మూడోది. ఎవరూ కావాలని చేసేది కాదు. ఒక్కో డాక్టరు ఆరోజు ఎదురుగా ఉన్న బాధకు మందు రాస్తారు, అంతే. మొత్తం సంచీ చూసే నాథుడు ఉండడు.

లెవోసల్పిరైడ్ చూడండి. పొట్ట త్వరగా ఖాళీ కావడానికి వాడతారు. కానీ అది డోపమిన్ అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది, మెదడులో కూడా. నెలల తరబడి వాడితే పెద్దవాళ్లకు చేతులు వణకడం, అడుగులు చిన్నవవడం, మొహంలో కదలిక తగ్గడం వస్తాయి. చూడ్డానికి అచ్చం పార్కిన్సన్స్ జబ్బులాగే ఉంటుంది. తల తిరుగుడుకు రాసే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ కూడా ఇదే పని చేస్తాయి. మీ అమ్మగారు ఇలాంటివి రెండు వాడుతున్నారు. ఆ తర్వాతే వణుకు మొదలైందని మీరే రాశారు. వణుకుకు ట్రైహెక్సీఫెనిడిల్ వచ్చింది. చాలామందికి దాని బ్రాండ్ పేరు పాసిటేన్ అంటే తెలుస్తుంది.

ఇక ట్రైహెక్సీఫెనిడిల్ సంగతి. అల్జీమర్స్‌లో మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తగ్గిపోతుంది. ఉన్న కాస్తా కరిగిపోకుండా కాపాడటానికే డోనెపెజిల్ ఇస్తారు. ట్రైహెక్సీఫెనిడిల్ సరిగ్గా ఆ ఎసిటైల్‌కోలిన్ పనినే అడ్డుకుంటుంది. సోలిఫెనాసిన్ కూడా అంతే, నార్‌ట్రిప్టిలిన్ కూడా అంతే. పొద్దున ఒక మాత్రతో పోసింది రాత్రికి మూడు మాత్రలతో తోడేస్తున్నట్టు. పైగా మలబద్ధకం, నోరు ఎండిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, లేనివి కనపడటం. ఆ కనపడటానికే మళ్లీ క్వెటియాపిన్.

సోలిఫెనాసిన్ ఎందుకొచ్చిందో కూడా ఆలోచించండి. డోనెపెజిల్ వాడేవాళ్లలో కొందరికి మూత్రం ఆగదు. ఇది కెనడాలోని ఒంటారియోలో పెద్ద ఎత్తున పరిశీలించి 2005లో ప్రచురించిన సంగతే. డోనెపెజిల్ లాంటి మందులు వాడేవాళ్లకు, వాడనివాళ్లకంటే, మూత్రం ఆపే మందులు ఎక్కువగా రాస్తున్నట్టు తేలింది. ఒకదానికొకటి పూర్తిగా ఎదురు పనిచేసే రెండు మందులు ఒకే మనిషికి. అమ్మగారికి డోనెపెజిల్ 5 నుంచి 10కి పెంచాకే ఈ మూత్రం ఇబ్బంది వచ్చిందా అన్నది పాత చీటీలు తీసి తేదీలు సరిచూసుకోండి. అలా అయితే సోలిఫెనాసిన్ ఆపి, డోనెపెజిల్ మళ్లీ 5కి దించి చూడమని మీ డాక్టర్ని అడగొచ్చు. దాంతోపాటు రెండు మూడు గంటలకోసారి బాత్రూంకి తీసుకెళ్లడం అలవాటు చేస్తే ఈ మాత్ర చేసే పని చాలావరకు అదే చేస్తుంది. ఇంట్లోవాళ్లకు ఓపిక కావాలి, నిజమే.

నా దగ్గరికి ఒక రిటైర్డ్ తెలుగు మాస్టార్ని తీసుకొచ్చారు. పార్కిన్సన్స్, దాంతోపాటు మతిమరుపు అని చీటీలో ఉంది. కాళ్లు ఈడ్చుకుంటూ లోపలికొచ్చారు. రాత్రిళ్లు మంచం కింద పిల్లలున్నారని, వాళ్లకు అన్నం పెట్టమని గొడవ చేస్తున్నారని భార్య చెప్పారు. సంచీ బల్ల మీద బోర్లిస్తే లెవోసల్పిరైడ్ ఉన్న గ్యాస్ బిళ్ల నాలుగేళ్లుగా నడుస్తోంది. ఎప్పుడో వారం రోజులకు రాసింది. మందుల షాపులో "అదే ఇవ్వండి" అని తెచ్చుకుంటూ వచ్చారు. ముందు అది మార్చాం, తర్వాత ట్రైహెక్సీఫెనిడిల్ వారాల మీద తగ్గించి తీసేశాం. మంచం కింద పిల్లలు వెళ్లిపోయారు. నడక తేరుకోవడానికి మాత్రం నెలలు పట్టింది. మతిమరుపు పోలేదు, అది అసలు జబ్బు. ఈ తేడా మీరు కూడా మనసులో పెట్టుకోండి. మందులు తగ్గిస్తే డిమెన్షియా నయం కాదు. దాని మీద మనం కప్పిన పొర తొలగుతుంది.

గ్లిమెపిరైడ్ ముందెందుకు?

హెచ్‌బీఏ1సీ 6.1 అని మీరు కాస్త సంతోషంగానే రాసినట్టున్నారు. నాకు భయం వేసింది. నలభై ఏళ్ల మనిషికి అది మంచి మార్కే. డిమెన్షియా ఉండి, ఒక పూట తిని ఇంకో పూట తినని 78 ఏళ్ల మనిషికి, అదీ గ్లిమెపిరైడ్ మీద, 6.1 అంటే రోజులో ఏదో ఒక వేళ షుగర్ బాగా పడిపోతోందేమో అని అనుమానించాలి. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఇలాంటి పెద్దవాళ్లకు 8 లోపు ఉంటే చాలంటుంది. జబ్బు మరీ ముదిరినవాళ్లలో ఆ అంకెను పట్టించుకోవడం మానేసి, షుగర్ పడిపోకుండా, మరీ పెరిగి ఇబ్బంది పెట్టకుండా చూసుకుంటే చాలంటుంది.

షుగర్ పడిపోతే మనమైతే "కళ్లు తిరుగుతున్నాయి, ఏదైనా పెట్టు" అంటాం. వాళ్లు చెప్పలేరు. చెమటలు పడతాయి, చిరాకు పడతారు, తిడతారు, లేచి తిరుగుతారు, పడిపోతారు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. ఒకావిడ రోజూ తెల్లవారుజామున లేచి అరుస్తోందని ఆమెకు క్వెటియాపిన్ మొదలుపెట్టారు. ఒకరోజు ఆ వేళకే వేలు గుచ్చి చూడమన్నాను, 52 ఉంది. షుగర్ మందు మార్చాక ఆ అరుపులు ఆగాయి, క్వెటియాపిన్‌తో పనే లేకపోయింది.

అమ్మగారు పడిన ఆ రెండుసార్లూ ఏ వేళప్పుడో, అంతకుముందు తిన్నారో లేదో గుర్తు చేసుకోండి. ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటే తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్న భోజనానికి ముందు ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చూసి రాసిపెట్టండి. 70 కంటే తక్కువ కనిపిస్తే వెంటనే చక్కెర నీళ్లో పళ్లరసమో ఇచ్చి, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయండి. మింగలేనంత మత్తులో ఉంటే నోట్లో ఏమీ పోయకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ కలిపిన మాత్ర స్థానంలో మెట్‌ఫార్మిన్ ఒక్కటే సరిపోవచ్చు. కిడ్నీ పరీక్ష చూసి డాక్టరు చెప్తారు. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు బీ12 తగ్గుతుంది, ఆకలీ మందగించొచ్చు. బీ12 ఒకసారి చూపించండి. ఆ తిమ్మిర్లు దాని వల్ల కూడా కావచ్చు.

నిద్ర మాత్ర, గొడవకు మాత్ర

క్లోనజెపామ్, ఆల్‌ప్రజోలామ్, లోరాజెపామ్, జోల్పిడెమ్. పేర్లు ఏవైనా, డిమెన్షియాలో ఇవి మగత తెస్తాయి, పడేస్తాయి, అయోమయం పెంచుతాయి. పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత మంచానికే పరిమితం. అమెరికాలో మార్క్ బీర్స్ అనే డాక్టరు నాయకత్వంలో 1991లో పెద్దవాళ్లకు పనికిరాని మందుల జాబితా ఒకటి తయారైంది. ఇప్పటికీ దాన్ని సవరిస్తూనే ఉన్నారు, 2023లో కూడా సవరించారు. అందులో డిమెన్షియా ఉన్నవాళ్లకు వద్దన్నవాటిలో ఈ నిద్ర మాత్రలు, నేను పైన చెప్పిన ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే మందులు, క్వెటియాపిన్ లాంటివి మూడూ ఉన్నాయి.

అలాగని రేపటి నుంచి క్లోనజెపామ్ ఆపేయకండి. ఏళ్లుగా వాడుతున్న నిద్ర మాత్రను ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావొచ్చు, తీవ్రమైన అయోమయం రావొచ్చు. మామూలుగా రెండు వారాలకోసారి పావు వంతు చొప్పున తగ్గిస్తాం. చివరికొచ్చేసరికి ఇంకా నెమ్మదిగా, అందులో సగం చొప్పున. మధ్యలో రెండు మూడు రాత్రులు నిద్ర పట్టకపోవచ్చు. అప్పుడు కంగారుపడి పాత డోసుకు వెళ్లిపోతే మొత్తం మొదటికొస్తుంది. ఆ మెట్టు మీదే ఇంకో వారం ఆగితే చాలు. పగలు కునుకు తగ్గించి, పొద్దున పూట ఎండలో కూర్చోబెట్టి, సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ మానిపిస్తే తగ్గించడం కొంచెం సులువవుతుంది.

క్వెటియాపిన్, రిస్పెరిడోన్, ఓలాంజపిన్, హలోపెరిడాల్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణాలను పెంచుతున్నాయని అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2005లో పెట్టె కట్టి మరీ హెచ్చరిక అచ్చు వేయించింది. 2008లో పాత తరం మందులకూ అదే వర్తింపజేసింది. బ్రిటన్‌లో జరిగి 2009లో వెలువడిన ఒక అధ్యయనంలో ఈ మందులు వాడుతున్న అల్జీమర్స్ రోగుల్లో కొందరికి అవే కొనసాగించారు, కొందరికి ఉత్తుత్తి మాత్రలిచ్చారు. రెండేళ్ల తర్వాత చూస్తే మందు కొనసాగినవాళ్లలో నూటికి 46 మంది, ఆపినవాళ్లలో 71 మంది బతికున్నారు. చిన్న అధ్యయనమే, కానీ కొట్టిపారేయదగ్గ తేడా కాదు.

అయినా ఇవి ఎప్పుడూ వాడకూడదని నేను అనను. మనిషి తనను తాను గాయపరుచుకుంటుంటే, ఇతరులను కొడుతుంటే, లేనివి కనపడి విపరీతంగా భయపడుతుంటే, మిగతావన్నీ చూశాక కొన్నాళ్లు ఇవ్వాల్సి వస్తుంది. పని చేసినా నాలుగు నెలల్లోపు తగ్గించి చూడాలన్నది అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016లో ఇచ్చిన సూచన. మన దగ్గర జరిగేది వేరు. ఆసుపత్రిలో రెండు రాత్రులు గొడవ చేశారని మొదలుపెట్టింది ఏళ్ల తరబడి నడుస్తుంది, ఎందుకు మొదలైందో ఎవరికీ గుర్తుండదు. తగ్గిస్తే కొందరికి గొడవ తిరిగి రావడమూ నిజమే. ఒకాయనకు సగానికి తగ్గించగానే చూసుకునే అబ్బాయిని కొట్టడం మొదలుపెట్టారు. పాత డోసులో సగానికి కాస్త పైన ఆపేశాం, ఇప్పటికీ అదే నడుస్తోంది. అది ఓటమేమీ కాదు, మునుపటికంటే తక్కువే కదా. స్కిజోఫ్రీనియా లాంటి పాత మానసిక జబ్బుకు వాడుతున్నవాళ్లకు ఈ మాటలేవీ వర్తించవు. అక్కడ సైకియాట్రిస్టు చెప్పిందే.

క్వెటియాపిన్ తగ్గించే ముందు రాత్రి గొడవకు వేరే కారణం ఉందేమో వెతకండి. మోకాళ్ల నొప్పి, మూడు రోజులుగా విరేచనం కాకపోవడం, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కళ్లజోడు పోవడం, చెవిటి మిషన్‌లో బ్యాటరీ అయిపోవడం. నొప్పని చెప్పలేని మనిషి అరుపుతోనే చెప్తారు. రాత్రిపూట పారాసిటమాల్ ఇస్తే గొడవ తగ్గినవాళ్లను చూశాను.

పెద్ద గొడవ లేకుండా వదిలేయదగ్గవి

సిటికోలిన్-పైరాసెటమ్: అల్జీమర్స్‌ను ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు, ఖరీదు మాత్రం గట్టిదే. పైరాసెటమ్ కొందరిలో చిరాకు, నిద్రలేమి పెంచుతుంది. ఆస్పిరిన్: గుండెపోటు, పక్షవాతం, స్టెంట్ ఏవీ లేనివాళ్లకు డెబ్బై దాటాక ఇది మేలు చేస్తుందా అని ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19 వేల పైచిలుకు మందితో చూశారు. ఆస్ప్రీ అని ఆ అధ్యయనం పేరు, ఫలితాలు 2018లో వచ్చాయి. మేలు కనపడలేదు, రక్తస్రావం పెరిగింది. మీ అమ్మగారు సరిగ్గా ఆ కోవలోకే వస్తారు. స్టెంట్ ఉన్నవాళ్లు, ఒకసారి పక్షవాతం వచ్చినవాళ్లు ఇది చదివి ఆస్పిరిన్ ఆపేయకండి, దండం పెడతాను. అటోర్వాస్టాటిన్ ఈ దశలో తొందరపడి తీయక్కర్లేదు, జబ్బు ముదిరాక నిశ్చింతగా తీసేయొచ్చు. అది ఆపడానికి మెల్లగా తగ్గించే పని కూడా ఉండదు.

గ్యాస్ బిళ్లలో లెవోసల్పిరైడ్ తీసేసి రాబెప్రజోల్ మాత్రం కొన్నాళ్లు ఉంచండి. ఆస్పిరిన్ ఆపాక దానితో కూడా పెద్దగా పని ఉండకపోవచ్చు. కానీ ఏళ్లుగా వాడి ఒక్కసారి ఆపితే రెండు మూడు వారాలు మంట ఎక్కువవుతుంది, అది చూసి "చూశావా, అవసరమే" అనుకుంటారు. రోజు విడిచి రోజు ఇచ్చి ఆపాలి. కడుపులో పుండై రక్తం పోయిన చరిత్ర ఉంటే మాత్రం ఆపొద్దు.

తిమ్మిర్ల మాత్రలో నార్‌ట్రిప్టిలిన్ పోవాలి. ప్రెగాబాలిన్ కూడా మగతకు, పడిపోవడానికి కారణమే. అసలు అమ్మగారికి ఇప్పుడు తిమ్మిర్లున్నాయా? అరికాళ్లు ముట్టుకుంటే ఏమంటున్నారు? లేకపోతే అదీ మెల్లగా తగ్గించొచ్చు. ఇది కూడా ఒక్కసారిగా ఆపేది కాదు.

జాబితాలో లేనివి కూడా ఉంటాయి. జలుబుకు షాపులో అడిగి తెచ్చే మాత్రల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది. దురదకు హైడ్రాక్సిజిన్, ఏవిల్, కడుపునొప్పికి డైసైక్లోమిన్. వీటిలో ఏది ఒక్కటి పడినా డిమెన్షియా ఉన్నవాళ్లు మూడు రోజులు తేరుకోరు. ఊరి నుంచి ఎవరో తెచ్చిచ్చిన పొడులు, కషాయాలు ఉంటే అవి కూడా సంచీలో వేసి తీసుకెళ్లండి. డాక్టరు కోప్పడతారని దాచకండి.

బీపీ

తీసేయమని కాదు, కొలిచే తీరు మార్చమంటున్నాను. అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి చూడండి. లేపి నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్లీ చూడండి, పక్కన ఒకరు పట్టుకుని ఉండాలి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆవిడ పడిపోవడానికి కారణం దొరికినట్టే. తల తిరుగుడు అని సిన్నరిజిన్ మొదలుపెట్టింది కూడా బహుశా దీనికే అయ్యుండొచ్చు. పాదాల వాపుందా కూడా చూడండి. అమ్లోడిపిన్ వాపు తెస్తుంది, ఆ వాపుకు మూత్రం పోయే మాత్ర రాస్తారు, అదింకో గొలుసు. ఇంగ్లండ్‌లో 80 దాటి, బీపీ 150 లోపే ఉన్నవాళ్లలో ఒక బీపీ మందు తగ్గించి చూశారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం మూడు నెలల తర్వాత నూటికి 86 మందికి బీపీ 150 లోపే ఉంది, ఏమీ తగ్గించనివాళ్లలో 88 మందికి. అంటే కొంచెం తగ్గించినా మిన్ను విరిగి మీద పడదు.

చివరకు డోనెపెజిల్, మెమాంటిన్

ఇవే ముందు ఆపేద్దామని చాలామంది అనుకుంటారు, "ఏం గుణం కనపడలేదు కదా" అని. నేనైతే ఇవి ఆఖరున చూస్తాను. బ్రిటన్‌లో మధ్యస్థం నుంచి తీవ్ర దశలో ఉన్న అల్జీమర్స్ రోగుల మీద చేసి 2012లో ప్రచురించిన డొమినో అధ్యయనంలో, డోనెపెజిల్ ఆపినవాళ్లకంటే కొనసాగించినవాళ్లు కాస్త మెరుగ్గా ఉన్నారు. అయితే ఆకలి చచ్చిపోయి బరువు తగ్గుతున్నా, నాడి 50 కంటే తక్కువ ఉన్నా, స్పృహ తప్పి పడుతున్నా వెంటనే ఆలోచించాల్సిందే. అమ్మగారు పడ్డారు కాబట్టి ఒక ఈసీజీ తీయించండి. ఆపాల్సి వస్తే నాలుగు వారాలకోసారి సగం చేస్తూ ఆపాలి. ఆపాక బాగా దిగజారితే త్వరగా మళ్లీ మొదలుపెట్టొచ్చు.

డాక్టరు చెప్పకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి. ఈ సమాధానం చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. ఫిట్స్ మందులు, థైరాయిడ్ మాత్ర, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, గుండె లయ తప్పినవాళ్లకు ఇచ్చే రక్తం పలచబరిచే మందులు, మెటోప్రొలాల్ లాంటి గుండె మందులు, బీపీకి వాడే క్లోనిడిన్, అసలు పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా. వీటిలో కొన్ని ఒక్కరోజు ఆపినా ప్రమాదమే.

డాక్టరు ‘అన్నీ కావాల్సినవే’ అంటే

"ఏవి ఆపమంటారు?" అని అడిగితే ఆ జవాబే వస్తుంది. సాయంత్రం ఓపీలో బయట నలభై మంది ఉంటారు, ఇంకొకరు రాసింది తీసేసి మాట పడటం ఎవరికీ ఇష్టం ఉండదు. ప్రశ్న మార్చండి. "అమ్మ రెండుసార్లు పడింది, షుగర్ ఇన్నిసార్లు ఇంత ఉంది, పగలంతా మగతగా ఉంటోంది. ఈ మాత్రల్లో దేనివల్లైనా కావచ్చా సార్?" అని రీడింగులు రాసిన కాగితం ముందు పెట్టండి. ఒక్కో మాత్ర ఎదురుగా ఎవరు రాశారు, ఎప్పుడు, ఎందుకు అని మూడు గడులు గీయండి. ‘ఎందుకు’ దగ్గర ఖాళీ ఉన్నవాటిని ఆయనే చూపిస్తారు. పెద్ద ఆసుపత్రుల్లో కొన్నిచోట్ల వృద్ధుల వైద్య విభాగాలున్నాయి. లేనిచోట ఓపికగా వినే జనరల్ ఫిజీషియన్ ఒక్కరు చాలు, మిగతా ముగ్గురి చీటీలూ ఆయన చేతికే ఇవ్వండి.

ఇంట్లోవాళ్ల సంగతి వేరు. అమ్మను చూసుకునేది మీరు, ఫోన్‌లో అడిగేది అమెరికాలో ఉన్న అన్నయ్య. "మందులు మానిపించారట" అనే మాట రేపు ఏదైనా అయితే మీ మీదికే వస్తుంది. నా అనుభవంలో మందులు తగ్గించే పని సగం ఇక్కడే ఆగిపోతుంది. కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు అన్నయ్యను వీడియో కాల్‌లో కూర్చోబెట్టండి. ఏది ఎందుకు తగ్గిస్తున్నారో డాక్టరు నోటే విననివ్వండి. చీటీలో కూడా "ఫలానాది తగ్గిస్తున్నాం, కారణం ఇది, ఇలా అయితే మళ్లీ మొదలుపెట్టాలి" అని రాయించుకోండి. పాత స్ట్రిప్పులు ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు మళ్లీ వేసేస్తారు, తీసేయండి. మందుల షాపు అబ్బాయికి కూడా కొత్త చీటీ చూపించండి, పాత లిస్టు వాళ్ల దగ్గరే ఉంటుంది.

మీరు చివర్లో అడిగిన పొడి సంగతి. మింగట్లేదని అన్నీ దంచి అరటిపండులోనో పెరుగన్నంలోనో కలపకండి. పేరు చివర ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ అని ఉన్నవి మెల్లగా కరగాల్సినవి. దంచితే రోజంతటి మందు ఒక్కసారే ఒంట్లోకి పోతుంది. రాబెప్రజోల్ పైపూత పోతే పొట్టలోనే పాడైపోతుంది. మీరు క్వెటియాపిన్ కూడా దంచుతున్నామన్నారు, అది ఎస్‌ఆర్ అవునో కాదో ఈ రాత్రే స్ట్రిప్ చూడండి. ఎస్‌ఆర్ అయితే ఇక దంచకండి, మామూలు రకానికి మార్చమని రేపు డాక్టర్ని అడగండి.

క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), సోడియం, బీ12, ఈసీజీ రిపోర్టులుంటే ఇక్కడే పెట్టండి, చూసి చెప్తాను. గ్లిమెపిరైడ్ విషయం మాత్రం నా జవాబు కోసం ఆగకుండా ఈ వారంలోనే మీ డాక్టరుతో మాట్లాడండి.